ఆ తడి గోనె కట్టింది నేనే

చిచ్చా పోయాడని ఫోను వచ్చేటప్పటికి మా ఆయన డయాలసిస్ మిషన్ మీద ఉన్నాడు. మొదలై గంటన్నర అయింది, ఇంకా రెండున్నర గంటలు మిగిలి ఉంది.

"అక్కా, ఏసీ చిచ్చా పోయిండు" అన్నాడు ఫోనులో పంక్చర్ దుకాణం తమ్ముడు. బాన్సువాడలో చిచ్చా షెడ్డును ఆనుకొనే ఉంటుంది అతని దుకాణం. "పొద్దుగాల వచ్చి షెడ్డు తీసిండు, కుర్సీల కూసున్నడు. చాయ్ ఇద్దామని పోయి సూస్తె పానం లేదు. అసర్ నమాజ్ అయినంక తీస్కపోతరట. మీరు సూస్తనంటరేమో అని చేసిన."

అసర్ అంటే సాయంత్రం ఐదు గంటలు. నేనేమో నిజామాబాద్‌లో ఆస్పత్రి వరండాలో నిలబడి ఉన్నాను. మిషన్ ఆగేది మూడున్నరకు. సూదులు తీసి, రక్తం ఆగేదాకా అదిమిపట్టి, బీపీ చూసి బయటికి పంపేసరికి నాలుగు కొడుతుంది. అక్కడి నుంచి ఇంటికి గంటన్నర. ఎటు తిప్పి చూసుకున్నా అందుకోలేమని తెలుస్తూనే ఉంది.

మా ఆయనకు చెప్పాలా వద్దా అని కాసేపు తలుపు దగ్గరే తచ్చాడాను. మిషన్ మీద ఉన్నప్పుడు ఆయన బీపీ ఊరికే పడిపోతుంది. కానీ నా ముఖంలో ఏదీ దాగదు. లోపలికి అడుగు పెట్టగానే "ఎవరు?" అన్నాడు. చెప్పేశాను. ఆయన కళ్లు మూసుకొని, కాసేపాగి తెరిచి, మిషన్ వైపు చూశాడు.

"గంట ముందు ఆపమందామా?"

నాకు చర్రున లేచింది. "ఆపితే ఒంట్లె నీళ్లు ఎవరు తీస్తరు? చిచ్చా వచ్చి తీస్తడా?" అన్నాను. పోయినవాడి పేరు పెట్టి అంత మాట అనేశాక నాలుక కరుచుకున్నా ఏం లాభం. మా ఆయన గోడ వైపు తల తిప్పుకున్నాడు. నేను బయటికొచ్చి వరండాలో ఇనుప బెంచీ మీద కూర్చున్నాను. నా నోటి దురుసుతనానికి మొదట బలయింది కూడా ఆ చిచ్చానే. ఆ సంగతి ఆయన బతికుండగా నలుగురిలో చెప్పాల్సింది. చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

చిచ్చా అంటే చిన్నాయన. పిలుపుకే గానీ ఆయన నాకు చుట్టం కాదు, పక్కింటాయన కూడా కాదు. కార్ల ఏసీలు బాగుచేసే మెకానిక్. అరవై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవాడు, మోచేతుల దాకా మడిచిన కుర్తా. బస్టాండు నుంచి వచ్చే రోడ్డు మీద రేకుల షెడ్డు ఆయనది. ఊరందరి బండ్లకూ చల్లగాలి పంచే మనిషి ఆ రేకుల కింద మే నెలలో చెమటలు కక్కుకుంటూ కూర్చునేవాడు. "చిచ్చా, మా అందరికీ ఏసీలు జేస్తవ్, నీ షెడ్డుల నిప్పులు చెరుగుతున్నయ్" అని ఏడిపించేదాన్ని. "నేను సల్లగ కూసుంటే నీ బండి ఉడుకు నాకెట్ల తెలుస్తది బేటీ?" అనేవాడు నవ్వకుండానే.

ఆయన పనితీరు కూడా వేరు. వేరే చోట బండి ఆపీ ఆపకముందే "గ్యాస్ పోయింది" అంటారు. మనం కూడా గ్యాస్ నింపించుకొని తృప్తిగా ఇంటికి పోతాం. మీలో కారున్న వాళ్లకు ఈ అనుభవం ఉండే ఉంటుంది. చిచ్చా గ్యాస్ మాట అన్నిటికంటే చివర ఎత్తేవాడు. ముందు బానెట్ తెరిచి రెండు పైపుల మీద రెండు చేతులు వేసి కళ్లు మూసుకునేవాడు. ఒక పైపుకు చెమట పట్టాలి, ఒకటి కాలాలి. రెండూ ఒకే తీరుగా ఉన్నాయంటే లోపల ఏదో తేడా ఉన్నట్టు. ఆ తర్వాత లోపల కూర్చొని, గాలి వచ్చే రంధ్రానికి చెంప ఆనించేవాడు. డిగ్రీలు చూపే మీటరు ఉండేది కానీ, అది మాలాంటి వాళ్లను నమ్మించడానికే. పని అయ్యాక అద్దాలన్నీ మూసి, వెనక సీట్లో ఒక్కడే కూర్చొని ఒక కప్పు చాయ్ తాగేదాకా దిగేవాడు కాదు. "ముందట కూసున్నోనికి ఎట్లనన్న గాలి తగుల్తది. ఎనక కూసున్నోడు మాట్లాడడు, ఆని గురించి మనమే సోచాయించాలె" అనేవాడు.

మా బండిలో వెనక కూర్చునేది మా ఆయన.

ఆయన రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌గా చేసేవాడు. నలభై రెండేళ్లకే కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. మొదట్లో మా ఊళ్లో ఖాళీ లేక నిజామాబాద్‌లో పేరు రాయించుకున్నాం, అదే అలవాటైంది. బస్సులో కూర్చోలేకపోతుంటే పాత కారొకటి కొని, ముప్పై ఆరేళ్ల వయసులో నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకునే నేను స్టీరింగు పట్టుకుంటానని కలలో కూడా అనుకోలేదు.

ఈ జబ్బు గురించి తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. డయాలసిస్ మనిషికి తిండి కంటే నీళ్లే పెద్ద గండం. తాగిన నీళ్లు బయటికి పోవు, ఒంట్లోనే ఉండిపోతాయి. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరతాయి. అందుకని రోజు మొత్తానికి ముప్పావు లీటరు, అందులోనే చాయ్, చారు, మజ్జిగ, మాత్రలు మింగే నీళ్లు, అన్నీ. చలికాలం ఎలాగో నెట్టుకొస్తాడు. అప్పట్లో ఆయనకు పొద్దుటి షిఫ్టు. ఎండాకాలంలో మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే ఆ గంటన్నరలో మాత్రం ఆయన నాలుక పిడచకట్టుకుపోయేది. ఆ తొవ్వలో ఆయనకు ఇవ్వగలిగింది చల్లగాలి ఒక్కటే.

మూడేండ్ల కింద, ఎండలు ముదురుతుండగా, ఆ చల్లగాలి తగ్గిపోయింది.

ఆపిన చోట బాగానే ఉండేది. పది పదిహేను కిలోమీటర్లు పోయాక గోరువెచ్చగా వచ్చేది. వేరే ఊళ్లో ఒకచోట గ్యాస్ నింపించాను. నాలుగు రోజులకు మళ్లీ అంతే. ఒక రోజు అట్లాంటి గాలిలో ఇంటికొచ్చి, నేను గేటు వేసొచ్చేలోపు మా ఆయన ఫ్రిజ్ తెరిచి సీసా నీళ్లు గటగటా తాగేశాడు. ఇంకోటి కూడా తాగాడని తర్వాత తెలిసింది. తెల్లారేసరికి పడుకుంటే ఊపిరాడడం లేదు. కూర్చోబెట్టి, కూర్చున్నది కూర్చున్నట్టే ఆస్పత్రికి తీసుకుపోయాను. ఆక్సిజన్ పెట్టారు, రెండు రోజులు ఉంచారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి "ఇట్లా ఇంకోసారి వస్తే నేను మాటివ్వలేను" అన్నాడు.

ఆ మాట తర్వాత నాకు నిద్ర లేదు. ఆ భయంలోనే గోనె సంచి ఉపాయం తట్టింది.

మా వైపు ఎండాకాలం గోనె లేకుండా గడవదు. కిటికీకి గోనె కట్టి నీళ్లు చల్లుతాం, నీళ్ల కుండకు చుడతాం, కూలర్‌కు గడ్డి చిరిగిపోతే దాని జాగాలో గోనే కడతాం. తడి గోనె లోంచి వచ్చే గాలి చల్లగా ఉంటుందని చిన్నప్పటి నుంచి ఒంటికి తెలిసిన సంగతి. కారు లోపలికి గాలి ముందు జాలీ నుంచే కదా పోయేది అనుకున్నాను. మిల్లు నుంచి తెచ్చిన సంచి ఒకటి ఇంట్లో ఉంటే మడిచి డిక్కీలో పెట్టుకున్నాను. ఆస్పత్రి నల్లా దగ్గర తడిపి, ఊరు దాటాక ముందు జాలీకి సుతిలితో కట్టేదాన్ని. బాన్సువాడ రాకముందే విప్పేసేదాన్ని. కారుకు గోనె చుట్టిందని ఊళ్లో నవ్వుతారు, నాకు నామోషీ. మా ఆయనకు ఈ సంగతి తెలుసు. "కట్టు, ఏమైతది" అన్నాడు. మిల్లులో ఇరవై ఏండ్లు గోనెల మధ్య బతికిన మనిషి, గోనె చెడు చేస్తుందని ఎట్లా అనుకుంటాడు?

గోనె కట్టాక ఇంకా వేడెక్కుతుంటే, గోనె లేకపోతే ఇంకెంత వేడిగా ఉండేదో అనుకున్నానే తప్ప, తప్పు గోనెదేమోనన్న అనుమానం ఒక్కసారి కూడా రాలేదు.

అప్పుడే చిచ్చా దగ్గరికి మొదటిసారి పోయాను. ముందు జాలీ చూశాడు, లోపలి ఫిల్టరు తీసి దులిపాడు, దుమ్మూ వడ్ల పొట్టూ రాలాయి. పైపులు పట్టుకున్నాడు. అంతా సరిగ్గానే ఉందన్నాడు. నిజంగానే ఆయన షెడ్డులో మంచులాంటి గాలి వచ్చింది. మూడోనాడు తొవ్వలో మళ్లీ ఉడుకు. రెండోసారి పోయాను. వేరే ఊళ్లో ఎక్కువ నింపిన గ్యాస్ కొంత తీసేశాడు, ఫ్యాను వైర్లు మార్చాడు. షెడ్డులో చల్లగా, తొవ్వలో ఉడుకు. మూడోసారి, చల్లదనం పుట్టించే కంప్రెసర్‌కు బెల్టు మార్చాడు. మళ్లీ అంతే.

నాలుగోసారి పోయినప్పుడు షెడ్డులో ముగ్గురు నలుగురు బండ్లు పెట్టుకొని కూర్చున్నారు. చిచ్చా పైపుల మీద చేతులు పెట్టి, "నా దగ్గర సల్లగుంటది, తొవ్వల ఎందుకు ఉడుకైతది? సమజ్ ఐతలేదు బేటీ" అన్నాడు. దాచుకోకుండా తనకు తెలియడం లేదని ఒప్పుకున్న మనిషి మీద, అందరి ముందూ నేను అరిచాను.

"నీకు రాకుంటే రాదని చెప్పు చిచ్చా! మనిషి పానంతోటి ఆడుకోకు. ముసలోనివైనవ్, చేతకాకుంటే షెడ్డు మూసుకో!"

ఇప్పుడు ఈ మాటలు రాయడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది. అక్కడున్నవాళ్లలో ఒకాయన అప్పటికప్పుడే బండి తీసుకొని వెళ్లిపోయాడు. ఇంకొకాయన మళ్లీ ఆ షెడ్డు ముఖం చూడలేదని తర్వాత తెలిసింది. చిచ్చా మాత్రం గుడ్డతో చేతులు తుడుచుకొని, "మళ్ల ఎప్పుడు పోతరు నిజామాబాద్?" అని అడిగాడు. ఎల్లుండి అన్నాను. "నేనొస్త. బండి ఏడ ఉడుకైతదో నేను గాడ ఉండాలె."

అప్పుడు రంజాన్ నెల. ఆయన రోజా ఉన్నాడు. తెల్లవారుజామున నాలుగు మెతుకులు తిని, పొద్దు గూకేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టడు. "రోజాతోటి గా ఎండల ఎందుకు చిచ్చా?" అంటే, "నీ భర్త దినాం ఉంటలేడా?" అన్నాడు. షెడ్డుకు తాళం వేసి వచ్చాడు.

పోయేటప్పుడు ఏమీ కాలేదు. పొద్దున్నే కాబట్టి గోనె కట్టే పని లేదు, గాలీ చల్లగానే వచ్చింది. ఆస్పత్రిలో నాలుగు గంటలూ చిచ్చా వరండాలో ఈ ఇనుప బెంచీల మీదే ఎక్కడో కూర్చున్నాడు. మధ్యాహ్నం బయల్దేరి ఊరి చివరికి వచ్చాక, అక్కడి చిన్న మసీదు దగ్గర ఆపమన్నాడు. జోహర్ నమాజ్ చదువుకొని వస్తానని లోపలికి పోయాడు.

బయట ఎండ కుమ్మేస్తోంది. వెనక సీట్లో మా ఆయన తల వెనక్కి వాల్చి నోరు తెరుచుకొని పడుకున్నాడు. చిచ్చా పరీక్ష కోసం మా ఆయనను ఉడకబెట్టడం నాకు ఒప్పలేదు. గబగబా డిక్కీ తీసి, మసీదు బయట నల్లా కింద గోనె తడిపి, జాలీకి బిగించి కట్టాను. రెండు లీటర్ల సీసా కూడా నింపి సీటు కింద పెట్టాను, మధ్యలో గోనె మీద పోయడానికి. చిచ్చా వెనక వైపు నుంచి వచ్చాడు, బండి ముందు భాగం చూడలేదు. "ముందట కూసో చిచ్చా" అంటే వినకుండా మా ఆయన పక్కనే వెనక ఎక్కాడు.

వరి కోతల కాలం. వర్ని దాటేదాకా హార్వెస్టర్ల దుమ్ము మేఘంలా లేస్తోంది. రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ముందు పోయే లారీ లేపిన పొట్టంతా మా బండి ముందు భాగానికే తగులుతోంది. పది నిమిషాలు చల్లగా వచ్చిన గాలి మెల్లగా చప్పబడింది. చిచ్చా వెనక నుంచి ముందుకు వంగి చెవి ఒగ్గాడు. లోపల ఎక్కడో టక్ అని చప్పుడు.

"ఇగో, కంప్రెసర్ కట్టయింది."

కాసేపటికి మళ్లీ టక్. "పట్టుకున్నది." ఇంకాసేపటికి, "మళ్ల కట్టయింది." ఆయన గొంతులో కంగారు మొదలైంది. నాకేమో నిజం చెప్పాలంటే లోపల కొంచెం గెలిచినట్టే ఉంది. చూశావా, నేను చెప్పలేదా అన్నట్టు. ఆ కుళ్లు ఆనందం ఎంతోసేపు నిలవలేదు. ఇంజన్ వేడి చూపే ముల్లు ఎప్పుడూ ఉండే చోటు నుంచి పైకి జరుగుతోంది. అద్దంలో చూస్తే మా ఆయన పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. "నీళ్లు" అన్నాడు. నేను వినిపించుకోనట్టే తోలాను. మళ్లీ "నీళ్లు" అన్నాడు.

"ఈసారి పట్టుకోలే. బండి ఆపు బేటీ."

"గీడ నీడ లేదు చిచ్చా, నస్రుల్లాబాద్ దాక..."

"ఆపు!"

ఆయన గొంతు పెంచడం అదే మొదలు, అదే చివర. రోడ్డు పక్కకు తీసి ఇంజన్ ఆపాను. ఆయన దిగి ముందుకు నడిచాడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది, జాలీకి గోనె ఉందని. తల కొట్టేసినట్టయింది. దిగి ఆయన వెనకే పోయాను. గోనె నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి. ఆ తడికి అంటిన పొట్టూ దుమ్మూ కలిసి, గోడకు పేడ అలికినట్టు మందంగా పట్టుకొని ఉన్నాయి. గాలి దూరడానికి సూది మొన అంత సందు లేదు. చిచ్చా దాన్ని చూశాడు. నన్ను చూశాడు. నోరు తెరిచి ఏదో అనబోయి, అద్దం లోంచి బండి లోపలికి చూసి ఒక్క ఉరుకు ఉరికాడు.

మా ఆయన సీటు కింద దొరికిన సీసా ఎత్తి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

 చిచ్చా తలుపు లాగి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. గుంజుకోలేదు, ఊరికే పట్టుకున్నాడు.

"ఒక్క గుక్క చిచ్చా" అన్నాడు మా ఆయన. ఏడుస్తున్నాడు, కళ్లలో నీళ్లు మాత్రం లేవు.

"గుక్కకు ఇంకో గుక్క తోడొస్తది బేటా. నాకెరుక, పొద్దుగాల సంది నేను గూడ గదే సోచాయిస్తున్న. ఇగో, నోట్లె పోసుకో, తిప్పు, ఉమ్మెయ్యి. నేను గూడ పోసుకుంట. ఎవరు మింగితె వాళ్లు ఓడినట్టు."

మా ఆయన ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత కొంచెం నోట్లో పోసుకున్నాడు. సీసా చిచ్చా అందుకొని తనూ పోసుకున్నాడు. ఇద్దరూ బుగ్గలు ఉబ్బించుకొని ఒకరి గొంతు ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.  చిచ్చా ముందు ఉమ్మాడు. మా ఆయన గొంతు ముడి ఒక్కసారి కదిలింది, ఇక మింగేస్తాడనుకున్నాను. ఉమ్మేశాడు. మళ్లీ పోసుకున్నారు, మళ్లీ ఉమ్మారు. ఐదారుసార్లయ్యాక మా ఆయన సీసా తనే చిచ్చా చేతికి ఇచ్చేశాడు.

వడ్లు కాళ్లతో తిరగేస్తున్న ఒక అవ్వ మమ్మల్ని చూసి వచ్చింది. "ఏమాయె బిడ్డా?" అంటూ మా ఆయనను తను కూర్చోడానికి కట్టుకున్న పరదా నీడకు నడిపించుకుపోయింది. పొలం మోటరు దగ్గర నుంచి బకెట్‌తో నీళ్లు తెచ్చిచ్చింది. చిచ్చా ఇంజన్ వేడి తగ్గేదాకా ఆగాడు. గోనె విప్పి పక్కన పెట్టి, జాలీ వెనక ఉండే కండెన్సర్ మీద పై నుంచి కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ, రేకులు వంగకుండా వేలి కొసలతో పొట్టు తీశాడు. ఆ ఎండలో, నోట్లో తడి లేకుండా, బకెట్ తర్వాత బకెట్ నీళ్లు ఆయన చేతుల మీది నుంచి కారిపోతుంటే నేను చూస్తూ నిలబడ్డాను. ఏమన్నా అంటాడేమోనని ఎదురు చూశాను. తిట్టినా బాగుండేది.

బండి స్టార్ట్ చేయమన్నాడు. కాసేపాగి, "రా, పైపు పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. చల్లగా, తడిగా ఉంది.

"ఎన్ని దినాల సంది కడ్తున్నవ్ గీ గోనె?"

"ఇరవై దినాలు" అన్నాను.

"కూలర్‌కు గోనె మంచిదే బేటీ. లోపలికొచ్చే గాలి వేరు, గీ జాలీకి తగిలే గాలి వేరు. గిది బండి ముక్కు. ముక్కు మూసి ఊపిరి తీస్కో అంటే ఎట్ల తీస్కుంటది?" తడి చేతులు కుర్తాకు తుడుచుకొని, "తప్పు నాదే. బండిని నాలుగుసార్లు అడిగిన, నిన్ను ఒక్కసారి గూడ అడగలే" అన్నాడు.

నేను ఏడ్చాను. క్షమించు చిచ్చా అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోనట్టు అవ్వకు దండం పెట్టి, మా ఆయనను చెయ్యిపట్టి తెచ్చి కూర్చోబెట్టి, తను పక్కన కూర్చొని తలుపు వేసుకున్నాడు. ఇల్లు చేరేదాకా గాలి చల్లగానే వచ్చింది. మా ఆయన నిద్రపోయాడు. చిచ్చా సాయంత్రం తన ఇంటి దగ్గరే, అందరితో పాటే రోజా విడిచాడు.

ఆ తర్వాత ఆయన షెడ్డుకు ఎవరొచ్చినా బానెట్ తెరవకముందు ఒక మాట అడగడం మొదలుపెట్టాడు. "నువ్వేం జేసినవో ముందు చెప్పు. నేను నవ్వ." నిజంగానే నవ్వేవాడు కాదు. ఒకరు పొట్టు పోవాలని జాలీని చీపురుతో గీకి రేకులు వంచేశారు, ఇంకొకరు ఏసీ రంధ్రాల్లో అత్తరు పోశారు. అన్నీ బయటికొచ్చేవి. అట్లా అడగడం ఎక్కడ నేర్చుకున్నాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేను అందరి ముందూ చేతకాదన్నాను కదా, ఆ ఏసీ చెడగొట్టింది నేనేనని ఆయన ఒక్క ముక్క అంటే పోయిన గిరాకీ తిరిగొచ్చేది. అనలేదు. పండుగకు మా ఇంటికి షీర్ ఖుర్మాకు బదులు పొడిగా వేయించిన సేమ్యా పంపేవాడు, అందులో వేసే పాలూ ఖర్జూరమూ మా ఆయనకు వద్దన్నారట కదా డాక్టర్లు అని అడిగి తెలుసుకొని మరీ. నేను ఆ సేమ్యా తింటూ, ఈసారి పోయినప్పుడు షెడ్డులో నలుగురుంటే చెప్పేస్తాను అనుకునేదాన్ని. నలుగురుండేవాళ్లు. నాకు ముఖం చెల్లేది కాదు. ఇట్లా మూడేండ్లు గడిచాయి.

చిచ్చా పోయిన రోజు మూడున్నరకు మిషన్ ఆగింది. మా ఆయన పూర్తిగా నాలుగు గంటలూ ఉన్నాడు. మళ్లీ ఆపమని అడగలేదు. కట్టు వేయించుకొని బయటికొస్తూ "ముందుగాల లేస్తే చిచ్చా ఒప్పుకోకపోవు" అన్నాడు.

నేను ఎప్పుడూ తోలనంత జోరుగా తోలాను. వర్ని దగ్గర వడ్ల ట్రాక్టర్లు అడ్డం వచ్చాయి. హారన్ మీద చెయ్యి తీయలేదు. లోపల గాలి చల్లగా వస్తోంది, నాకు మాత్రం వీపంతా చెమట. బాన్సువాడలో ఖబ్రస్తాన్ గోడ దగ్గర ఆపేసరికి ఐదున్నర దాటింది. జనం తిరిగి వస్తున్నారు. ఆడవాళ్లం లోపలికి పోము కాబట్టి నేను గోడ దగ్గరే నిలబడ్డాను. మా ఆయన కట్టు వేసిన చేతిని ఛాతీకి ఆనించుకొని, మెల్లగా నడుచుకుంటూ లోపలికి పోయాడు.

పంక్చర్ దుకాణం తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. వెనకే ఇంకో ఇద్దరు ముగ్గురు. అందులో ఒకాయనను గుర్తుపట్టాను, ఆ రోజు షెడ్డులో నుంచి బండి తీసుకొని వెళ్లిపోయినాయన.

"అన్నా, నీకు యాదికున్నదో లేదో" అన్నాను. "మా బండి ఏసీ చిచ్చాకు చేతకాలేదని నేను లొల్లి పెట్టిన గదా. తప్పు నాది. ముందట జాలీకి గోనె కట్టిన, గాలి రాకుంట. దాసిపెట్టిన. చిచ్చాకు రాక కాదు."

ఆయన నా వైపు చూసి, తల వంచుకున్నాడు. "గిప్పుడెందుకక్కా గదంత" అన్నాడు తమ్ముడు.  ఎందుకంటే ఏం చెప్పను? మూడేండ్లు ఆలస్యమైంది, ఇంకొక్క రోజు కూడా ఆలస్యం కావద్దని అంతే.

గోడ మీది నుంచి లోపలికి చూశాను. కొత్త మట్టి దిబ్బ దగ్గర నుంచి అందరూ పోయారు, మా ఆయన ఒక్కడే ఉన్నాడు. సమాధి మీద చల్లడానికి తెచ్చిన నీళ్ల బిందె పక్కనే ఇంకా సగం మిగిలి ఉంది. ఆయన వంగి, బాగున్న చేత్తో చెంబు ముంచాడు. అంచుదాకా నిండిన చెంబు ఆయన చేతిలో చూసి ఎన్నేండ్లయిందో. తల వైపు నుంచి కాళ్ల వైపుకు మెల్లగా పోశాడు. ఎండకు మండిపోయిన మట్టి ఒక్క చుక్క పైన నిలవనీయకుండా పీల్చుకుంది. ఆయన కదలకుండా అటే చూశాడు. మళ్లీ ముంచాడు. బిందె ఖాళీ అయ్యేదాకా, ఎండిన పెదాలతో అట్లా పోస్తూనే ఉన్నాడు.